చిల్లు కానీ

ఈ వారంలో నాకు పదకొండుసార్లు క్యాన్సర్ వచ్చింది.
గంటకు పద్నాలుగు పౌండ్లు, మధ్యాహ్నం సూపు ఉచితం.
డండీలో, టే నది మీంచి పొగమంచు లేచి
బస్టాపుల్ని మింగేసే ఊళ్లో,
మెడికల్ కాలేజీ మూడో అంతస్తులో
నేను కూలి రోగిని.
నాటకాలు మానేశాక దొరికిన వేషం.

ఇవాళ నా పేరు డాఫ్నీ క్రాల్.
యాభై తొమ్మిదేళ్లు. వితంతువు. ఒక పిల్లి.
అసలు పేరు మోరా గెడ్డిస్. పిల్లి లేదు,
మొగుడున్నాడు, చెవుడు.

పిల్ల డాక్టర్లు తలుపు తడతారు,
కొత్త దూడ మెడలో పలుపులా స్టెతస్కోపు.
చెడ్డ కబురు చెప్పడం నా మీద నేర్చుకుంటారు.
ఇదివరకు వాళ్లు వెళ్లేముందు
చీటీ మీద నేనే ఓ ముక్క రాసేదాన్ని:
"నీ మాటలకు నాకు చలేసింది."
ఎందుకో రాసేదాన్ని కాదు.
ఎందుకో నాకూ తెలిసేది కాదు.

ఇప్పుడు బల్ల మీద నల్ల డబ్బా,
అగ్గిపెట్టెంత. వింటుంది.
వాళ్లు కుర్చీలోంచి లేచేలోపే
తెరమీద లెక్క తేల్చేస్తుంది.
నా పొట్ట కొట్టడానికొచ్చిందనుకున్నాను.

గురువారం ఫిన్లే రత్రే వచ్చాడు.
చేపల పడవలవాళ్ల అబ్బాయి, పీటర్‌హెడ్ యాస,
సిగ్గుపడితే చెవులు ఎర్రబడతాయి.
మంచివాడు, చూస్తేనే తెలుస్తుంది.
అయినా ఆ పది నిమిషాలూ నాకు చలేస్తూనే ఉంది.

డబ్బా చెప్పింది:
మీరు మాట్లాడింది నూటికి డెబ్బై ఒక్క పాళ్లు.
రోగి మాటకు అడ్డొచ్చింది నాలుగుసార్లు,
మొదటిసారి తొమ్మిదో సెకనులో.
ఓదార్పు వాక్యాలు పన్నెండు.
పన్నెండింటి తోకకూ "కానీ".

"మీ బాధ నాకు అర్థమవుతోంది, కానీ..."
"మీరు ధైర్యంగా ఉన్నారు, కానీ..."
ఇరవయ్యేళ్లుగా ఈ కుర్చీలో చస్తున్నాను,
ఆ చలి ఏ కిటికీ సందులోంచి వస్తోందో
అగ్గిపెట్టె చెబితే తెలిసింది.
రోషమొచ్చింది, నిజమే మరి.
కుర్రాడు నా చేతిలో పన్నెండు నాణేలు పెట్టాడు,
పన్నెండూ చిల్లు కానీలే.

ఆ కింద సన్నక్షరాల్లో ఇంకో వరుస:
"ఆరో నిమిషం. గీరుకున్న చప్పుడు. లెక్కలోకి తీసుకోలేదు."

అదేమిటో నాకు తెలుసు.
డాఫ్నీ కళ్లు తుడుచుకోబోతుంటే
కాగితపు రుమాళ్ల పెట్టెను
మాట్లాడకుండా, వేలి కొసతో
బల్ల మీద నావైపు జరిపాడు.
చీటీ ఉంటే రాసేదాన్ని.
లేదు కాబట్టి నోటితో చెప్పాను.
నమ్మాడో లేదో, తెరవైపే చూస్తున్నాడు.

రెండేళ్లు పోయాక, ఫిబ్రవరిలో,
అసలు ఆసుపత్రి. అసలు గౌను,
వీపు వెనక ముడి నిలవదు.
స్క్రిప్టు లేదు, సూపు లేదు.
లోపలికొచ్చింది ఫిన్లే రత్రే.
గుర్తుపట్టాడు, చెవులే చెప్పాయి.
ఫైలు మూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"మోరా గారూ, స్కాన్ మనం కోరుకున్నట్టు రాలేదు.
మీకు భయంగా ఉంటుంది."

ఆగాడు.
పదమూడో నాణెం కోసం చూశాను.
అది అతని గొంతులో పైకి లేవడం కనిపించింది.
గుటక వేశాడు. కిందికి పోయింది.
బయట సీగల్స్ ఎవరివో చిప్స్ కోసం కొట్టుకుంటున్నాయి.
మా ఆయన చెవి మిషను కీచుమంది.
ఎన్ని సెకన్లో తెలీదు,
లెక్కపెట్టే డబ్బా ఆ గదిలో లేదు.

వారానికి పదకొండుసార్లు వచ్చిన జబ్బే,
ఒక్క డైలాగూ గుర్తు రాలేదు.
రుమాళ్ల పెట్టె కోసం తడుముకున్నాను.
అప్పటికే నా మోచేతి పక్కనుంది.
ఎప్పుడు జరిపాడో, చప్పుడే వినలేదు.

"కానీ," అన్నాను, ఈసారి నేనే.
"కానీ నాయనా, చెప్పు."